“బాగుంది” అంటే సరిపోతుందా?



పోయిన క్రిస్మస్ పండుగ గడిచిన కొద్ది రోజులకు, ఒక సాయంకాలము కృష్ణా డెల్టాలోని ఒక పల్లెనుండి తండ్రీ కొడుకులు మా యింటికి వచ్చారు. తండ్రి ఇరవై ఏండ్లుగా మాకు తెలిసినవాడు. రెండెకరములు కౌలుకు చేసికొనే రైతు. కుమారుడు డిగ్రీ చదివి, ఊరికి దగ్గరలోని రైసుమిల్లులో లెక్కలు వ్రాస్తున్నాడు. ఇద్దరి ముఖములూ వాడిపోయి ఉన్నాయి. కాఫీ త్రాగిన తరువాత తండ్రి సంగతి విప్పాడు.

“వీడు సినిమా కథ వ్రాశాడండి. మిల్లులో సెలవు పెట్టి మూడు నెలలు హైదరాబాదులో కూర్చున్నాడు. కౌలు కట్టడానికి దాచిన ఇరవై వేలూ ఖర్చయిపోయినయి. అక్కడెవరో విని బాగాలేదన్నారంట. వచ్చి పది రోజులైంది. సరిగా అన్నం తినడు, ఎవరితోనూ మాట్లాడడు. మా మాట వినడు గాని, ఇక ఆ పిచ్చి వదిలెయ్యమని మీరైనా చెప్పండయ్యగారూ.”

మేము ఆ అబ్బాయివైపు తిరిగాము. అతడు తల ఎత్తి ఒక్కటే ప్రశ్న అడిగాడు.

“అయ్యగారూ, ఆరేండ్లు మన మందిరములో క్రిస్మస్ నాటకాలు వ్రాసి వేయించాను. ప్రతి ఏడూ మీరందరూ బాగుందనే అన్నారు. అక్కడ ఆయన ఇరవై నిమిషాలు విని చెప్పిన లోపాన్ని, ఈ ఆరేండ్లలో మీలో ఒక్కరైనా నాకెందుకు చెప్పలేదు?”

మా దగ్గర జవాబు లేదు. రేపు మాట్లాడుకొందామని చెప్పి పంపించాము గాని, ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఏలయనగా అతడు అడిగినది నిజమే. నిరుడు ముప్పావు గంటలో ముగియవలసిన నాటకము రెండు గంటలు సాగింది. చిన్నపిల్లలు జంపఖానాలమీదే నిద్రపోయారు. పెద్దవాళ్లు ఒక్కొక్కరే లేచి బయట చలిమంట దగ్గరకు చేరారు. ఇదంతా మేము కళ్లారా చూశాము. చూచి కూడా మైకు ముందుకు వచ్చి “చాలా చక్కగా వ్రాశాడు మన తమ్ముడు” అని మెచ్చుకొని, స్టీలు క్యారేజీ బహుమతిగా ఇచ్చి చప్పట్లు కొట్టించాము. పండుగపూట పిల్లవాని మనస్సు నొప్పించడమెందుకు అనుకొన్నాము. అతనిమీద ప్రేమతోనే అలా చేశామని ఇంతకాలమూ అనుకొంటూ వచ్చాము. నిజానికి అది మా బద్ధకము. లోపము చెప్పాలంటే శ్రద్ధగా వినాలి, ఆలోచించాలి, తరువాత కూర్చుని మాట్లాడాలి. “బాగుంది” అనడానికి ఇవేవీ అక్కరలేదు.

అందుచేత ఈ నెల ఈ శీర్షికలో సినిమా కథ చెప్పుకొనే పద్ధతిని గూర్చి, చెప్పినవారు విన్నవారి మాటలనుండి ఏమి నేర్చుకోవాలో దానిని గూర్చి వ్రాస్తున్నాము. సంఘ పత్రికలో సినిమా సంగతులేమిటని కొందరు పెద్దలు అనుకోవచ్చును. అయితే 1978 లో విడుదలైన కరుణామయుడు చిత్రాన్ని మన పల్లెల్లో తెర కట్టి వేసినప్పుడు గోనెపట్టాలు పరచుకొని చూసినవారు మనలో ఎందరో ఉన్నారు. అలా తెర ముందు కూర్చున్న పిల్లలలో ఒకనికి తానూ ఒక కథ వ్రాయాలనిపిస్తే అందులో వింత లేదు.

కథ వినిపించడమంటే ఏమిటి?

సినిమా వ్రాయడము వేరు, దానిని వినిపించడము వేరు. అమెరికాలోని హాలీవుడ్‌లో ఇలా వినిపించడాన్ని పిచ్ అంటారు. పిచ్ అంటే మన పిల్లలకు క్రికెట్టే గుర్తుకు వస్తుంది గాని, ఇక్కడ దాని అర్థము వేరు. నిర్మాతగాని, స్టూడియో ఉద్యోగిగాని ఎదుట కూర్చుంటే, రచయిత తన కథను కొద్ది నిమిషములలో నోటితో చెప్పి, వారికి ఆసక్తి కలిగించాలి. ముందు ఒకటి రెండు వాక్యములలో కథ సారము చెబుతారు. ఎవరి కథ, అతనికి ఏమి కావాలి, దానికి అడ్డమేమిటి అనే మూడూ అందులో తేలాలి. అది నచ్చితే మిగిలినది అడుగుతారు.

వ్రాతప్రతి పంపిస్తే అక్కడ మరొక పద్ధతి ఉన్నది. పెద్ద స్టూడియోలు వచ్చే ప్రతులన్నిటిని చదవడానికి ప్రత్యేకముగా మనుష్యులను పెట్టుకొంటాయి. వారు చదివి కథ సారాంశమును, తమ అభిప్రాయమును కొన్ని పేజీలలో వ్రాసి, చివర వద్దనో, ఆలోచించవచ్చుననో, తీసుకోదగినదనో ఒక్క మాటలో తేలుస్తారు. సాధారణముగా ఒక పేజీ తెరమీద ఒక నిమిషము నడుస్తుందని లెక్క. అంటే రెండు గంటల చిత్రమునకు సుమారు నూట ఇరవై పేజీలు.

మన తెలుగు సినిమాలో ఎక్కువ భాగము నోటిమీదనే నడుస్తుంది. ముందు “లైను” చెప్పమంటారు. నచ్చితే కూర్చోబెట్టి పూర్తి కథ వింటారు. దీనిని నేరేషన్ అంటారు. దర్శకుడు వినాలి, నిర్మాత వినాలి, కథానాయకుడు వినాలి. వీరిలో ఏ ఒక్కరు కాదన్నా కథ అక్కడే ఆగుతుంది. ఆ తరువాతనే సన్నివేశాలు, సంభాషణలు వ్రాసి కుట్టిన పూర్తి ప్రతి అడుగుతారు. ఒక చిత్రము తీయడమంటే కోట్ల రూపాయల పని. మన రైతు ఏ విత్తనము చల్లాలో పదిమందిని అడిగి తెలుసుకొన్నట్లే, డబ్బు పెట్టేవాడు కూడా పది కథలు విని తొమ్మిదింటిని వద్దంటాడు. వద్దన్నంత మాత్రాన అది రచయితకు అవమానము కాదు.

నలభైకి పైగా “వద్దు”లు

దీనికి ఒక మంచి ఉదాహరణ ఉన్నది. 1980 లో బాబ్ గేల్ అనే అమెరికను రచయిత తన తల్లిదండ్రుల ఇంటికి వెళ్లి, నేలమాళిగలో తన తండ్రి హైస్కూలు నాటి పాత పుస్తకము చూశాడు. అందులో తండ్రి ఫోటో కనబడింది. “నేనూ ఆ బడిలో ఆయనతోపాటు చదివి ఉంటే మేమిద్దరము స్నేహితులమయ్యేవాళ్లమా?” అని అతనికి తోచింది. ఆ ఆలోచననుండి, దర్శకుడైన రాబర్ట్ జెమెకిస్‌తో కలిసి ఒక కథ అల్లాడు. ఒక కుర్రవాడు కాలములో వెనుకకు వెళ్లి, తన తల్లిదండ్రులను యౌవనస్థులుగా కలుసుకొంటాడు. అదే బ్యాక్ టు ది ఫ్యూచర్.

ఆ కథను నలభైకి పైగా సార్లు తిరస్కరించారని ఆ రచయితే చెప్పుకొన్నాడు. కారణములు చూడండి. ఆ కాలమున యువకుల చిత్రములంటే బూతు హాస్యము ఉండాలనే లెక్క ఉండేది. మీ కథ మరీ మెత్తగా ఉంది, పిల్లల చిత్రములు తీసే డిస్నీవారి దగ్గరకు వెళ్లండని కొందరు అన్నారు. వెళితే, కొడుకని తెలియక తల్లి ఆ కుర్రవానిమీద మనసు పడడమా, ఇది మాకు కుదరదని డిస్నీవారు అన్నారు. ఒకే కథ ఒకరికి మరీ మర్యాదగా కనబడింది, మరొకరికి మర్యాద తప్పినట్లు కనబడింది.

అయినా వారు ఊరక కూర్చోలేదు. వ్రాతను మార్చుకొంటూనే వచ్చారు. మొదటి ప్రతులలో కాలములో ప్రయాణించే యంత్రము కారు కాదు. ఒక దశలో అది ఫ్రిజ్జు వంటి పెట్టె. అది చూచి పిల్లలు ఇంట్లో ఫ్రిజ్జులలోకి దూరుతారేమోననే భయము కలిగింది. కదిలే బండియైతే కథ నడపడమూ సులువని దానిని కారుగా మార్చారు. జెమెకిస్ తీసిన వేరొక చిత్రము 1984 లో బాగా ఆడిన తరువాత తలుపులు తెరచుకొన్నాయి. 1985 జూలై 3న బ్యాక్ టు ది ఫ్యూచర్ విడుదలై, ఆ సంవత్సరము అమెరికాలో అన్నిటికంటె ఎక్కువ వసూలు చేసిన చిత్రమైంది.

ఇక్కడ మనము గమనించవలసినదేమిటి? పదిమంది పది విధములుగా చెబితే, అది వారి వారి రుచి. దానికి కృంగిపోనక్కరలేదు. అయితే పదిమందీ ఒకే చోట వ్రేలు పెడితే, అక్కడ నిజముగా పుండు ఉన్నదని అర్థము.

చెప్పినదంతా విన్నందుకు వచ్చిన నష్టము

అలాగని ఎవరు ఏమి చెప్పినా తల ఊపితే సరిపోతుందా? దీనికీ ఒక ఉదాహరణ ఉన్నది.

బొమ్మలకు ప్రాణమొస్తే ఎలా ఉంటుందనే కథతో పిక్సార్ అనే చిన్న సంస్థ టాయ్ స్టోరీ చిత్రము మొదలుపెట్టింది. డబ్బు పెట్టినది డిస్నీ. అక్కడ అధికారియైన జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ కథలో ఇంకా పదును కావాలి, పెద్దలకూ నచ్చేటట్లు ఘాటు పెంచాలి అని సలహాలిస్తూ వచ్చాడు. కుర్రవాళ్లు చెప్పినదల్లా చేశారు. 1993 నవంబరు 19న అప్పటికి తయారైన భాగమును డిస్నీ అధికారులకు చూపించారు. చూసినవారికి అది ఎంతమాత్రమూ నచ్చలేదు. కథానాయకుడైన వుడీ అనే బొమ్మ తోటి బొమ్మలను తిట్టేవాడుగా, కసరుకొనేవాడుగా తయారయ్యాడు. కొత్తగా వచ్చిన బజ్ అనే బొమ్మను కావాలనే కిటికీలోనుండి తోసివేస్తాడు. అటువంటివానిమీద చూసేవారికి జాలి ఎలా కలుగుతుంది? పని ఆపివేయమన్నారు. పిక్సార్ వారు ఆ దినమును నల్ల శుక్రవారముగా జ్ఞాపకము ఉంచుకొన్నారు.

వారు ఆ దెబ్బకు పడిపోలేదు. తాము మొదట ఏ కథ చెప్పాలనుకొన్నామో దానిని జ్ఞాపకము చేసికొని, కొద్ది నెలలలో తిరిగి వ్రాశారు. కొత్త కథలో వుడీ అసూయపడతాడు గాని దుర్మార్గుడు కాడు. పిల్లవాని ప్రేమ తనకు దక్కకుండా పోతుందేమోనని భయపడతాడు. బజ్ కిటికీలోనుండి పడిపోవడము అనుకోకుండా జరుగుతుంది. 1995 నవంబరు 22న విడుదలైన ఆ చిత్రము లోకమంతా ఆడింది. దాని రచన ఆస్కారు బహుమతి పోటీకి కూడా ఎంపికైంది.

చూశారా? “కథలో పదును లేదు” అన్న మాటలో కొంత నిజము ఉండవచ్చును. “కనుక వానిని కఠినునిగా చెయ్యి” అన్న మందు మాత్రము వికటించింది. రోగి వైద్యునికి “ఇక్కడ నొప్పి” అని చెబుతాడు. నొప్పి ఎక్కడో రోగికే బాగా తెలుసు. ఏ మందు వేయాలో మాత్రము వైద్యుడే ఆలోచించాలి. కథ విన్నవాడు రోగి వంటివాడు. ఇక్కడ నాకు విసుగు పుట్టింది, ఇక్కడ అర్థము కాలేదు అంటే నమ్మవలసినదే. ఇలా మార్చు అంటే మాత్రము వ్రాసినవాడు నిదానముగా ఆలోచించుకోవాలి.

పిక్సార్ వారు తరువాతి కాలములో ఒక మంచి పద్ధతి పెట్టుకొన్నారు. తయారవుతున్న ప్రతి చిత్రమును తోటి దర్శకులు, రచయితలు కలిసి కూర్చుని చూస్తారు. తోచిన లోపములను మొగమాటము లేకుండా చెబుతారు. అయితే దర్శకుని ఆజ్ఞాపించే అధికారము ఆ కూటమికి లేదు. సలహా విని ఏమి చేయాలో దర్శకుడే తేల్చుకొంటాడు. దాని పెద్దయైన ఎడ్ కాట్‌మల్ 2014 లో ప్రచురించిన తన పుస్తకములో ఈ సంగతి వివరముగా వ్రాశాడు. నిజము చెప్పాలి, పెత్తనము చేయకూడదు. ఈ రెండూ కలిస్తేనే ఆ కూటమి పనిచేసింది. మన ఇండ్లలో సాధారణముగా దీనికి తలక్రిందులుగా జరుగుతుంది. నిజము చెప్పము, పెత్తనము మాత్రము చేస్తాము.

కథ పోకుండా చూచుకోవడము

“కథ చెబితే దొంగిలిస్తారేమో” అని మా అబ్బాయికి ఒక భయము. అది వట్టి భయము కాదు. ఢిల్లీకి చెందిన ఆర్.జి. ఆనంద్ అనే రచయిత హమ్ హిందూస్తానీ అనే నాటకము వ్రాశాడు. 1954 లో దానిని ప్రదర్శించారు. దానిని సినిమాగా తీయవచ్చునేమో చూద్దామని చిత్ర దర్శకుడు ఆసక్తి చూపగా, 1955 జనవరిలో రచయిత నాటకమంతా వినిపించాడు. తరువాత ఏ కబురూ రాలేదు. 1956 లో న్యూ ఢిల్లీ అనే చిత్రము వచ్చింది. అది నా నాటకమేనని అతడు దావా వేశాడు. సుప్రీంకోర్టు వరకు వెళ్లాడు. 1978 లో తీర్పు అతనికి వ్యతిరేకముగా వచ్చింది. ఒక తలంపుమీద, ఒక విషయముమీద ఎవరికీ హక్కు ఉండదు, ఆ తలంపును రచయిత తనదైన రీతిలో మలచి వ్రాసినదానికే హక్కు ఉంటుంది అని న్యాయస్థానము తేల్చి చెప్పింది. ఒక ప్రాంతమువారికి మరొక ప్రాంతమువారంటే చిన్నచూపు అనే విషయము రెండింటిలోనూ ఉన్నా, నడిపిన తీరు వేరని భావించింది. నేటికీ ఇటువంటి వ్యాజ్యములలో ఆ తీర్పునే చూపిస్తారు.

కాబట్టి యౌవనస్థులారా, తలంపును నోటిలో పెట్టుకొని తిరగవద్దు. పూర్తిగా వ్రాయండి, తేదీ వేయండి. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము వ్రాసిన వెంటనే హక్కు పుడుతుంది. నమోదు చేయించుకొంటే అది సాక్ష్యముగా పనికి వస్తుంది. ఢిల్లీలోని కాపీరైటు కార్యాలయములో నమోదు చేయించవచ్చును. ముంబయిలోని సినీ రచయితల సంఘము తన సభ్యుల కథలను నమోదు చేస్తుంది. ఎవరికి, ఏ దినమున, ఎక్కడ వినిపించారో ఒక నోటుపుస్తకములో వ్రాసి పెట్టుకోండి. నీ కథ తెరకెక్కిస్తాను, ముందు ఇంత డబ్బు కట్టు అనేవాని దగ్గర ఒక్క నిమిషము కూడా నిలువవద్దు.

ఆయన నిజముగా ఏమన్నాడు?

మరునాడు మేము ఆ అబ్బాయిని మరల పిలిపించి, ఆ కార్యాలయములో నీ కథ విన్నాయన ఏమన్నాడో అక్షరము పొల్లుపోకుండా చెప్పు అన్నాము. అతడు కొంచెము ఆలోచించి చెప్పాడు.

“ఇంటర్వెల్ తరువాత నీ కథానాయకునికి ఏమి కావాలి? అని అడిగాడయ్యగారూ. నేను తరువాతి సీను చెప్పాను. సీను కాదు, అతనికి ఏమి కావాలో చెప్పు అన్నాడు. నేను ఇంకో సీను చెప్పాను. అది తేల్చుకొని రా తమ్ముడూ అని లేచిపోయాడు.”

“మరి బాగాలేదని ఎప్పుడన్నాడు?”

అతడు చాలాసేపు మాట్లాడలేదు. “అనలేదండి,” అన్నాడు చివరికి.

ప్రియులారా, ఆ పెద్దమనిషి అనని మాటను ఈ పిల్లవాడు మూడు వందల కిలోమీటర్లు మోసికొని వచ్చాడు. అన్న మాటను మాత్రము అక్కడే వదిలివేశాడు. అన్న మాటలో రెండున్నది. ఒకటి, లోపము ఎక్కడున్నదో సరిగ్గా చూపించాడు. రెండు, తేల్చుకొని రమ్మన్నాడు. తలుపు మూయలేదు. మూడు నెలల తిరుగుడుకు దొరికిన కూలి ఆ ఒక్క ప్రశ్నే. దానిని పుస్తకములో వ్రాసికొని రావలసినవాడు గాయముగా తెచ్చుకొన్నాడు. పొగడ్తకు మాత్రమే అలవాటుపడిన చెవికి ప్రశ్న కూడా తిట్టువలెనే వినబడుతుంది. ఆ అలవాటు చేసినది మేమే.

మినుము పీకే రోజులు అయిపోయిన తరువాత, ఒక రాత్రి వారి వసారాలో కూర్చున్నాము. తండ్రి, తల్లి, చెల్లెలు, నాయనమ్మ, మేము. అబ్బాయి కథ మొదటినుండి చదివాడు. మేము ముందే ఒక ఒప్పందము పెట్టుకొన్నాము. మాలో ఎవరూ బాగుంది, బాగాలేదు అనకూడదు. ఎక్కడ మనసు పక్కకు పోయిందో, ఎక్కడ అర్థము కాలేదో అంతే చెప్పాలి. అతడు జవాబు చెప్పకూడదు, వ్రాసికోవాలి.

మొదట్లో అతనికి చాలా కష్టమైంది. “అది ఎందుకంటే అత్తా...” అని రెండుసార్లు అందుకోబోయి ఆగాడు. పట్నములో జరిగే సగము దగ్గర నాయనమ్మ కునుకు తీసింది. చెల్లెలు సెల్ ఫోను చూచుకొంది. మేమైతే అక్కడ గడియారము చూశామని ఒప్పుకొన్నాము. ముగ్గురమూ ఒకే చోట! హైదరాబాదాయన ఆపిన చోటు కూడా అదే. చివరకు తల్లి అడిగింది, “ఒరేయ్ నాయనా, మొదట్లో వాడు తమ్ముణ్ణి ఊళ్లో వదిలి పోయాడు గదా, ఆ తమ్ముడేమయ్యాడురా?”

అబ్బాయి కలము ఆగిపోయింది. ఆ తమ్ముణ్ణి అతడే మరచిపోయాడు. ఇంటర్వెల్ తరువాత కథానాయకునికి ఏమి కావాలో ఆ చదువురాని తల్లి ఒక్క ముక్కలో చూపించింది. తమ్ముణ్ణి వెదకికోవాలి! అది ఆమెకు తెలిసి చెప్పిన సలహా కాదు. ఆమెకు కావలసినది ఆమె అడిగింది, అంతే.

ఆ రాత్రి తండ్రి ఒక్క మాట కూడా అనలేదు. మేము బయలుదేరేటప్పుడు మాత్రము, “కథ వ్రాసికోనివ్వండయ్యా, కౌలు డబ్బు మాత్రం ముట్టుకోవద్దని చెప్పండి,” అన్నాడు. అది న్యాయమైన మాట. కథ వ్రాయడానికి హైదరాబాదులో గది తీసికొని కూర్చోనక్కరలేదు. మిల్లు పని మానుకోనక్కరలేదు. వ్రాత ఇంటి దగ్గరే సాగుతుంది. వినేవారు పిలిచిన దినమున రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లి రావచ్చును. అబ్బాయి దానికి ఒప్పుకొన్నాడు.

నాలుగు నెలలు తిరిగి వ్రాశాడు. శ్రావణములో మరొకరికి వినిపించే అవకాశము దొరికింది. ఈసారి పది నిమిషములలో చెప్పాడు. ఆయన చివరివరకు విన్నాడట. ప్రస్తుతము మాకు కుదరదు అన్నాడట. సాయంత్రము బస్సు దిగేసరికి తండ్రి సైకిలుతో ఎదురుచూస్తున్నాడు. “ఏమన్నాడురా?” అని అడిగాడు. “రెండు ప్రశ్నలడిగాడు నాన్నా, రెండూ మంచివే,” అని అబ్బాయి జేబులోని పుస్తకము తీసి చూపించాడు. ఆ రాత్రి ఇద్దరూ కలిసి భోజనము చేశారని తల్లి మాకు చెప్పింది. ఆ కథ ఎప్పటికైనా తెరకెక్కుతుందో లేదో మేము చెప్పలేము. ఆ ఇంట్లో మాత్రము మాటలు మొదలైనవి.

ఇంటిల్లిపాది ఆలోచించుకోవడానికి

కథలు వ్రాసే పిల్లలకు మా మాట ఇది. వినిపించేటప్పుడు సమర్థించుకోకండి, వ్రాసికోండి. “ఎలా ఉంది?” అని అడగకండి, “ఎక్కడ విసుగు పుట్టింది?” అని అడగండి. వీలైతే విన్నవారినే కథ తిరిగి చెప్పమనండి. వారు వదిలేసిన భాగము వారికి అందలేదన్నమాట. దిద్దుబాటు ఆ రాత్రే మొదలుపెట్టవద్దు. నాలుగు రోజులు ఆగి, మనసు చల్లబడిన తరువాత పుస్తకము తెరవండి. కథలో దేనిని మార్చినా ఫరవాలేదో, దేనిని మార్చితే అది మీ కథే కాకుండా పోతుందో ముందే తెలిసికొని ఉండండి.

తల్లిదండ్రులకు, పెద్దలకు, మాకు కూడా ఇది. పిల్లవాడు చేసిన పని శ్రద్ధగా చూచి, కనబడినది ఉన్నదున్నట్లు మెల్లగా చెబుదాము. చెప్పిన తరువాత పని వానికే వదిలివేద్దాము. మనము దాచిపెట్టిన నిజమును ఏదో ఒక దినమున పైవాడెవడో చెబుతాడు. అప్పుడు ప్రక్కన కూర్చోవడానికి మనము అక్కడ ఉండము.

మరల క్రిస్మస్ నాటకాల కాలము వస్తోంది. ఈ ఏటి నాటకము కూడా ఆ అబ్బాయే వ్రాస్తున్నాడు. నలభై నిమిషములకు మించనివ్వనని మాట ఇచ్చాడు. మొదటి రిహార్సలుకు మమ్మును పిలిచాడు. మేము ఒక పుస్తకము, ఒక కలము తీసికొని వెళ్తున్నాము.